రెండు పేజీలు ఒకేసారి తిప్పితే

ఏవండీ, డ్యూటీకి టైమైంది, వెళ్తున్నాను. పాలు కాచి పెట్టాను, పాప బాక్సు కట్టేశాను. ఈరోజు దాన్ని బడి బస్సెక్కించకండి, మీరే తీసుకెళ్లండి. బెల్లు కొట్టకముందే టీచరమ్మని కలవాలి.

నిన్న సాయంత్రం పాప చదువుకుంటూ పొరపాటున రెండు పేజీలు ఒకేసారి తిప్పేసింది. అయినా ఆగలేదు. ఎదురుగా ఏనుగు బొమ్మ ఉన్న పేజీ పెట్టుకుని పడవ పాఠం గడగడా అప్పజెప్పేసింది. నాకు అనుమానమొచ్చింది. వేరే పుస్తకం తెచ్చి చదవమంటే ఒక్క మాట కూడబలుక్కోలేక నా మొహంలోకి చూసింది.

తప్పు నాదేనండీ. బళ్లో నెలనెలా ఒక్కొక్కరి చేత చదివించి చూస్తారు కదా, ఏ పేజీయో ముందురోజే చెబుతారు. ఆ పేజీ నేనే పదిసార్లు చదివి వినిపించేదాన్ని. అది వినే నేర్చేసుకుంది. ప్రోగ్రెస్ కార్డులో ‘ధారాళంగా చదువుతుంది’ అని రాసినప్పుడల్లా మురిసిపోయాను. మీరైతే కార్డు తెరిచి చూడకుండానే సంతకం పెట్టారు.

ఈసారి చెప్పకుండా కొత్త పేజీ ఇస్తారట, అదీ ఈరోజే. అందరి ముందూ గుడ్లప్పగించి నిలబడిపోతుందేమోనని నా భయం. టీచరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేయండి. నాకైతే నోరు రాదు. పాపని మాత్రం ఒక్క మాట అనకండి.

మర్చిపోయాను, ఈ చీటీ దాని కంటపడకుండా మీ చొక్కా జేబులో పెడదామనుకున్నాను. అంతలోనే, దాచక్కర్లేదని గుర్తొచ్చింది. దాని పుస్తకాల మీదే పెట్టి వెళ్తున్నాను.