నీ తరఫున ఒక ఫోన్

చిరంజీవి పెద్దోడికి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. ఆ మాట ఒక్కరి విషయంలో అబద్ధం, అది వరసలో వచ్చినప్పుడు చెబుతాను. నువ్వూ ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను. ఈ ఉత్తరం చివరిదాకా చదవాలంటే ఒంట్లో ఓపిక ఉండాలి. ఫోన్‌లో అయితే మధ్యలో అడ్డం వస్తావు, అందుకే రాస్తున్నాను.

పోయిన ఉత్తరంలో అడిగినవాటికి అడిగిన వరసలోనే జవాబులు. మీ నాన్నమ్మ కాలికి కట్టు విప్పారు గానీ పట్టుకోనిదే లేవలేదు. పాపకు కింద రెండు పళ్ళు వచ్చాయి. నిన్న నాన్నమ్మ వేలు కొరికితే, "అచ్చం మా ఆయనే! అన్నం పెట్టే చెయ్యే కనిపిస్తుంది దీనికి కొరకడానికి" అని ఆవిడ మురిసిపోయింది. స్నానాలగది కుళాయికి వాషర్ మార్పించాను. నీ బీరువా తాళం నా దగ్గరే ఉంది. నా నడుము నొప్పి గురించి నువ్వు అడగలేదు, కనుక రాయను.

ఇక నీ చివరి ప్రశ్న. "ఆవిడ ఇంకా కాలేజీకి వెళ్తూనే ఉందా, విసుగు పుట్టిందా?" అని అడిగావు. మొదట చదివినప్పుడు పెళ్ళాం మీద బెంగ అనుకున్నాను.

వెళ్తోందిరా. కులాసాగా లేనిది నీ పెళ్ళామే, ఎలా వెళ్తోందో విను. ఆ కాలేజీలో చదువుకునే తల్లుల కోసం పిల్లల గది ఉంది కదా, అందులో మన పాపకు చోటు దొరికిందని ఎంత సంబరపడ్డామో నీకూ తెలుసు. తీరా పాలసీసా, గుడ్డలు సర్దుకుని పాపను తీసుకెళ్తే, ఆ చోటు వేరే బిడ్డకు ఇచ్చేశామన్నారు. కారణం అడిగితే తర్వాత రమ్మన్నారు. అప్పటి నుంచీ ఆ పిల్ల పాపను చంకనేసుకునే వెళ్తోంది. వెనక బెంచీలో కూర్చుంటుంది. పాప ఏడిస్తే వరండాలోకి వచ్చి, కిటికీ బయట నిలబడి పాఠం రాసుకుంటుంది. ల్యాబ్‌లోకి మాత్రం పసిపిల్లల్ని రానివ్వరు. యాసిడ్లుంటాయి, న్యాయమే. కానీ ఇంకొక్క ల్యాబ్ తప్పిందంటే చివరి పరీక్షకు కూర్చోనివ్వరు, ఇన్నేళ్ళ చదువు ఏట్లో పారేసినట్టే.

నువ్వు చూసుకోవచ్చుగా అంటావేమో. ఒకరోజు చూశాను. నాన్నమ్మను లేపి పట్టుకుని ఉండగా పాప పాక్కుంటూ గడప దాటి మెట్ల దాకా పోయింది. ఎవరిని వదలాలి చెప్పు? నా కేకలకు పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి అందుకుంది గనుక సరిపోయింది.

ఆ మర్నాడే పిల్లల గది చూసే ఆవిడ అంతు తేల్చాలని బయలుదేరాను. నా సంగతి నీకు తెలుసు. కోపం వచ్చిన రోజే అరిచేసే మనిషిని కాను. ఆరబెట్టి, మడతపెట్టి, అవసరమైనప్పుడు తీస్తాను.

"ఏమమ్మా, మా పాప చోటు ఎవరికి అమ్ముకున్నావు?" అన్నాను గుమ్మంలోనే.

ఆవిడ ఒళ్ళో ఒక బిడ్డ, భుజం మీద ఒక బిడ్డ. "మెల్లగా, మెల్లగా! వీడిప్పుడే కళ్ళు మూశాడు. అమ్ముకోవడమేంటండీ? మీ అబ్బాయే కదా వద్దన్నాడు!"

"మా అబ్బాయి ఊళ్ళోనే లేడు."

"ఫోన్ చేశాడమ్మా. మా ఆవిడ చదువు మానేస్తోంది, ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చుకోండి అన్నాడు. అమ్మాయి చేత ఒక్క మాట చెప్పించు బాబూ అన్నాను. 'నా పెళ్ళాం సంగతి నాకు తెలీదా' అన్నాడు. అవతల ఎంతమంది తల్లులు కాచుకుని ఉన్నారో మీకేం తెలుసు? ఇచ్చేశాను."

పాప పుట్టిన నాడు నీకు సిగ్నల్ దొరకలేదు. దీనికి మాత్రం దొరికింది!

ఆవిడ మీద విసరడానికి తీసుకెళ్ళిన మాటలన్నీ నోట్లోనే మిగిలిపోయాయి. ఏదీ వృథా పోనిచ్చే అలవాటు నాకు లేదు.

ఎందుకు చేశావో ఊహించగలను. నువ్వు అడుగుతున్న సూపర్‌వైజర్ పని వస్తే అక్కడ కుటుంబానికి ఇల్లిస్తారు, వీళ్ళిద్దరినీ తీసుకెళ్ళొచ్చు. ఆ మాట ఆ పిల్లనే అడగొచ్చు కదరా? అడిగితే "చదువయ్యాక వస్తాను" అంటుంది. అందుకని కాళ్ళ కింద పీట లాగేసి, పడిపోతే పట్టుకుని తెచ్చుకుందామనుకున్నావు.

ఇక ఇంతసేపూ ఆపిన సంగతి. సోమవారం మీ ఆఫీసుకు ఫోన్ చేశాను. పెద్ద గుమాస్తా ఎత్తాడు.

"మా అబ్బాయికి సూపర్‌వైజర్ పని వద్దండీ. ఇంట్లో పసిపాపను చూసుకోవాలి. ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చుకోండి" అన్నాను.

"అదేంటమ్మా, కాళ్ళరిగేలా తిరిగి అడిగాడే! అతన్నే ఒక్క మాట చెప్పమనండి."

"కన్నదాన్ని. నా కొడుకు సంగతి నాకు తెలీదా?"

ఆయన నసిగాడు, చివరికి ఒప్పుకున్నాడు. నెలాఖరు దాకా ఆపి, ఆ తర్వాత నీ వెనకున్నవాడికి ఇస్తారట. కనుక పైవాళ్ళెవరో గోతులు తీశారని తిట్టుకోకు. తీసింది నేనే.

మీ నాన్న విని గింజుకున్నారు. "కన్నకొడుకు నోటి దగ్గర కూడు లాగేస్తావుటే?" అన్నారు.

"కోడలి నోటి దగ్గరిది వాడు లాగినప్పుడు ఈ గొంతు ఎక్కడికి పోయింది?" అన్నాను. పేపరు అడ్డం పెట్టుకున్నారు. అది తలకిందులుగా ఉంది.

ఆ పిల్లకు నీ ఫోనూ తెలీదు, నా ఫోనూ తెలీదు. ఇప్పటికీ పిల్లల గది ఆవిడనే తిట్టుకుంటోంది. నేను చెప్పను. నువ్వే చెప్పాలి, ఫోన్‌లో కాదు, ఎదురుగా నిలబడి. వచ్చే గురువారం తనకు ల్యాబ్ ఉంది. పనిలో పనిగా గుమాస్తాను నీకు సెలవు కూడా అడిగాను. ఇచ్చారు. బుధవారం సాయంత్రం బస్సెక్కు. వచ్చాక ముందు పాపను ఎత్తుకుని ఆ పిల్లను ల్యాబ్‌కు పంపు. సాయంత్రం తిరిగి వచ్చాక నోరు విప్పు.

మీ ఆఫీసుకు మళ్ళీ ఫోన్ చేసి, నేను అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు నిమిషం పని. చెయ్యాలా వద్దా అన్నది ఆ పిల్ల చెప్పాలి. ఏం చెబుతుందో నాకు తెలీదు. దాని సంగతి దాన్నే అడగాలి.

ఇట్లు,
నిన్ను కన్న, ఇంకా క్షమించని,
అమ్మ