మాస్టారి కిటికీకి అడ్డంగా గులాబీ

పక్కింటి మాస్టారు గారికి,

నమస్కారం, పెట్టకపోతే బాగుండదని పెడుతున్నాను. మా వంటింటికి ఎదురుగా మీరు కొత్తగా కిటికీ కొట్టించారు. నేను గరిటె నాకినా మీ ఇంటికి తెలిసిపోతోంది. అందుకని ప్రహరీ పక్కన, మా వైపు, తీగ గులాబీ నాటి వెదురు దడి కట్టాను. అది ఎదిగితే మీ కిటికీ మాయం. తర్వాత వెలుతురు లేదని నా మీద పడొద్దు.

ఇట్లు,
పక్కింటావిడ

తా.క. మీ ఆవిడ మంచితనం చూసి ఉత్తరంతో సరిపెట్టాను. లేకపోతే నేనే వచ్చేదాన్ని.

అమ్మా,

కిటికీ సంగతి తర్వాత, ముందు మీ మొక్క బతకాలి కదా! గులాబీకి బీరపాదులాగా నులితీగలు ఉండవు. దానంతట అది పాకదు, మనమే కట్టాలి. కట్టారు, కానీ ఇనప తీగతో ఉరేసినట్టు కట్టారు. పూటకో చెంబు చిలకరిస్తే పైమట్టే తడుస్తుంది. కుదురు నిండా పోసి, మట్టి ఆరేదాకా దాని జోలికి పోకండి.

ఇట్లు,
ఎదురు కిటికీ మాస్టారు

తా.క. మొన్న మీరు పాడుతుంటే ‘ఆపండమ్మా’ అని కేకేసింది నేనే. వేరే ఎవర్నీ అనుమానించకండి.

మాస్టారూ,

‘గారు’ తీసేశాను, గమనించండి. నేను బజారుకెళ్లి వచ్చేసరికి నా గులాబీ పక్కకు వాలి పడుకుంది. ఇనప తీగ విప్పేసి, గుడ్డ పీలికలతో అడ్డంగా కట్టారు. మీ కిటికీ గట్టు అందుకోబోతున్న కొమ్మ అది! మళ్ళీ నిలబెట్టి కట్టాను. ఇంకోసారి ప్రహరీ మీదుగా చెయ్యి వచ్చిందంటే కత్తెర నా చేతిలోనే ఉంటుంది.

ఇట్లు,
కత్తెరతో పక్కింటావిడ

తా.క. ఆ పీలికలు మీ నీలి చారల చొక్కావి. ఇన్నేళ్ళూ దాన్ని మీ ఒంటి మీద చూసి భరించాను. చించినందుకు మాత్రం సంతోషం.

కత్తెరమ్మకు,

అవును, వంచింది నేనే. నిటారుగా ఉంటే కొమ్మ కొసనే పూస్తుంది, కిందంతా బోడి కర్ర. అడ్డంగా కడితే కణుపు కణుపుకీ చిగురేసి దడి నిండిపోతుంది. మీ పద్ధతిలో అయితే పూలగుత్తి నా కిటికీకి, ముళ్ళు మీ వంటింటికి.

ఇట్లు,
మాస్టారు

తా.క. మీ వంటింట్లో నేను చూసేదేముంది? మాడు వాసన రావడానికి కిటికీ అక్కర్లేదు.

మాస్టారూ,

నర్సరీ ఆయన్ని అడిగితే మీరు చెప్పిందే చెప్పాడు. దాంతో నాకు ఒళ్ళు ఇంకా మండింది. అడ్డంగానే కట్టాను, చిగుళ్ళూ వచ్చాయి. కానీ తన కిటికీ మూసే మొక్కను తనే సాకే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఏమిటి మీ ఎత్తు? చెప్పకపోతే మొక్క పీకేసి రేకు కొట్టిస్తాను.

ఇట్లు,
పక్కింటావిడ

తా.క. ఆ మాడినవి పాలు. మీకు జవాబు రాస్తూ మరిచిపోయాను. పాపం మీదే.

తల్లీ,

రేకైనా కొట్టించండి! కిటికీ పెట్టించింది మా ఆవిడ. రోజూ కుర్చీ వేసుకుని మిమ్మల్నే చూస్తుంది. ‘చూడండి, ఆవిడ డబ్బాలకు చీటీలు అంటించింది, గిన్నెలు సైజువారీగా బోర్లించింది’ అంటూ అన్నీ నా చేత చేయిస్తోంది. రిటైరయ్యాక పడుకుందామనుకున్న మనిషిని, నిన్న పప్పుల డబ్బాలన్నీ కడిగి ఎండబెట్టాను. ఆ కిటికీ మూసుకుపోతే తప్ప నాకు విముక్తి లేదు. అయినా తొందరపడి ఎరువు వెయ్యకండి, లేత వేళ్ళు మాడిపోతాయి.

ఇట్లు,
చేతులు నానిపోయిన మాస్టారు

తా.క. ఇది బాత్‌రూమ్‌లో కూర్చుని రాస్తున్నాను. మీ బాత్‌రూమ్ మా కిటికీకి కనబడదు. అదొక్కటే అదృష్టం, లేకపోతే ఇదీ నా చేతే కడిగించేది.

మాస్టారూ,

ఈ ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు నా డబ్బాల వైపు చూసిన పాపాన పోలేదు. చీటీ మీద ‘పంచదార’ అని ఉన్నా మా ఆయన ఉప్పు డబ్బా తీస్తారు. అలాంటిది, కుర్చీ వేసుకుని మరీ చూసే మనిషికి మీరు గులాబీ అడ్డం పెడతారా? సిగ్గుండాలి!

ఇవాళ కొమ్మలన్నీ కిందికి దించాను. అడ్డంగానే కట్టాను, మీ కిటికీ గట్టుకు కిందుగా. పైకి ఒక్క చిగురు లేచినా వంచి కట్టేస్తాను.

ఇట్లు,
పక్కింటావిడ

తా.క. రేపు పొద్దున అటక మీద సామానంతా దించి కడుగుతున్నాను. మీ ఆవిడని కుర్చీ కాస్త ముందుకు జరుపుకోమనండి. మీరు నిచ్చెన చూసుకోండి.