కింద పడిన క్లే ముక్క

మడికొండ,
ఆదివారం పొద్దున

అక్కా,

నీకు, అమ్మకు, బాపుకు నమస్కారం. నేనిక్కడ బాగున్నాను. మీరందరూ బాగున్నారని ఫోన్లో విన్నా, కాగితం మీద మళ్లీ అడగాలనిపిస్తోంది. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? దవాఖానలో ఇచ్చిన గోలీలు వేసుకుంటోందా, డబ్బాలో దాచిపెట్టిందా? ఫోన్లో మన మాటలు ‘తిన్నవా’, ‘తిన్న’ దగ్గరే అయిపోతున్నాయి. మా తెలుగు సారు రోజుకో పేజీ ఏదైనా రాయమన్నారు. ఈ రోజు పేజీలు నీకే. అమ్మకు నువ్వు చదివి వినిపించు.

తిండికి ఇబ్బంది లేదు. పొద్దున కాలేజీ క్యాంటీన్, రాత్రికి గదిలో నేనే వండుకుంటాను. ఇప్పుడు అన్నం మాడటం లేదు. పచ్చిపులుసు మాత్రం నువ్వు చేసినట్టు కుదరడం లేదు, చింతపండు ఎక్కువైపోతోంది. ఎండలు ముదిరాయి, రేకుల గది కాబట్టి మధ్యాహ్నం పెనం మీద ఉన్నట్టే. కానీ ఆ వేళకు నేను గదిలో ఉండను కదా. ఆదివారం దోస్తులందరూ ఊళ్లకు పోతారు, అప్పుడు కాస్త బెంగగా ఉంటుంది. సాయంత్రానికి సర్దుకుంటుంది. ఫికర్ చేయొద్దు.

పని గురించి నువ్వు అడిగిన ప్రతిసారీ ‘మంచిగనే ఉన్నది’ అని దాటేశాను. నెల కింద ఒకటి జరిగింది. అది తేలేదాకా చెప్పొద్దనుకున్నాను.

కాలేజీ కాగానే నేను పోయేది సాదిక్ భాయ్ షాపుకని నీకు తెలుసు. కార్లు కడిగి మెరుగుపెట్టే షాపు అది. గది కూడా ఆ షాపు మీదిదే, పని పోతే గదీ పోతుంది. మొదటి రెండు నెలలు మ్యాట్లు, చక్రాలు కడిగాను. తర్వాత భాయ్ నన్ను పిలిచి క్లే పని నేర్పాడు.

కడిగిన కారు మీద చెయ్యి పెడితే నునుపుగానే ఉంటుంది. అదే చేతికి పలుచని పాలిథిన్ కవరు తొడిగి రాస్తే గరుకు తెలుస్తుంది. రోడ్డు తారు, బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి రంగుకు అంటుకుపోయి ఉంటాయి, నీళ్లకు పోవు. క్లే అంటే మైనంలాంటి ముద్ద. దాన్ని బిస్కెట్టంత చేసి, సబ్బునీళ్లు బాగా చల్లి రంగు మీద జరిపితే ఆ మురికిని పట్టుకుని లాగేస్తుంది. అయితే లాగిన మురికి ముద్దలోనే ఉంటుంది, జాగ్రత్త తప్పితే అదే రంగును గీకుతుంది. అందుకని భాయ్ నా చెయ్యి పట్టుకుని మరీ చూపించాడు. ఎండలో చేయకూడదు, నీళ్లు ఆరి ముద్ద అతుక్కుంటుంది. నొక్కకూడదు. గుండ్రంగా తిప్పకుండా నేరుగా జరపాలి. జానెడు జాగా అయ్యాక ముద్దను మడిచి శుభ్రమైన వైపు పైకి తేవాలి. కింద పడితే మాత్రం పారేయాలి.

ఈ చివరిదొక్కటే నా చేతికి రాలేదు. కేసముద్రం మార్కెట్ యార్డులో కింద రాలిన వడ్లు అమ్మ ఊడ్చి, చెరిగి, రాళ్లేరి తెస్తే మనం తిని పెరిగాం. కింద పడ్డదాన్ని కడిగి వాడుకోవడమే నాకు తెలుసు.

నెల కింద ఒక శుక్రవారం భాయ్ నమాజుకు పోయాడు. నా ముందు ఒక నల్ల కారు ఉంది. దవాఖానలో నర్సుగా చేసే మేడంది, ఈ మధ్యే ఎవరి దగ్గరో కొన్నారట. నల్ల రంగు మీద ఏదీ దాగదు. బానెట్టు సగం అయ్యాక, మడుస్తుంటే ముక్క చేతిలోంచి జారి సిమెంటు నేల మీద పడింది. నల్లా కింద మూడుసార్లు కడిగాను. బొటనవేలితో రుద్ది చూశాను, ఏమీ తగల్లేదు. మిగతా సగం దానితోనే పూర్తి చేశాను.

తుడిచి, కారును ఎండలోకి నెట్టాక కనిపించాయి. బానెట్టు సగం మీద వెంట్రుక కంటే సన్నని గీతలు, పక్కపక్కనే వందలు. నీడలోకి నెట్టాను, మాయమయ్యాయి. పైన మైనం పూత వేస్తే కొన్ని వారాలు ఎండలో కూడా కనిపించవని నాకు తెలుసు. మైనం డబ్బా చేతిలోకి తీసుకున్నాను కూడా. అబద్ధం చెప్పను అక్కా, మూత తీశాను. అంతలో భాయ్ వచ్చాడు. నా ముఖం చూసి ఏమైందన్నాడు. చెప్పేశాను.

“కింద పడ్డదా?”

“పడ్డది భాయ్. మంచిగ కడిగిన.”

“కడిగితే పోతదా తమ్మీ? అంటుకునుడే దాని పని. బండి మీది దుమ్మును పట్టుకునేది, నేల మీది ఇసుకను ఇడుస్తదా?”

తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. మేడంకు తాను చెప్పనని, నేనే లైటు పట్టి చూపించాలని మాత్రం అన్నాడు.

ఆమె డ్యూటీ దిగి నేరుగా వచ్చారు. నేను లైటు పెట్టాను. ఆమె వంగి చూసి, “ఇవి ఇదివరకటియేనా?” అని అడిగారు. ఔనంటే అక్కడితో అయిపోయేది. భాయ్ అటు తిరిగి నిలబడ్డాడు.

“కాదు మేడం. ఇయ్యాల నా చేతిల అయినయి.”

ఆమె భాయ్ వైపు తిరిగి, “మా బండ్ల మీదనే నేర్పుతున్నరా పిల్లలకు?” అన్నారు. భాయ్ రెండు రోజులు గడువు అడిగాడు.

మిషనుతో పాలిష్ పట్టి ఆయనే గీతలు తీశాడు. నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు. పాలిష్ పడితే గీత పూడదట. గీత లోతు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీస్తారు. నేను గీకిందానికి ఆ బండి రంగు కొంచెం పలుచనైంది, అది తిరిగి రాదు. అది తెలిశాక నాకు బాధ ఎక్కువైంది.

మేడం వచ్చి బానెట్టు ఒక్కటే చూడలేదు. ఫోను లైటు వేసి బండి చుట్టూ తిరిగారు. వెనక డోరు దగ్గర ఆగి ఒక గీత చూపించి, “ఇది?” అన్నారు.

“అది పాతది మేడం. కడిగేటప్పుడే చూసిన.”

నమ్మరనుకున్నాను. ఆమె నా ముఖం వైపు ఒకసారి చూసి, లైటు ఆర్పి, తాళం చెవి అడిగారు.

భాయ్ నన్ను పని మానమనలేదు. నెల రోజులు మళ్లీ మ్యాట్లు కడగమన్నాడు, కడిగాను. గది ఉంది, చదువు సాగుతోంది.

ఆ సన్నని గీతలకు మంచి తెలుగు మాట వెతుకుతున్నాను. గీర, చార, గీకుడు అని నోట్‌బుక్కులో రాసుకున్నాను, ఏదీ అతకలేదు. నీకు తోస్తే చెప్పు. నా పదో తరగతి మెమో జిరాక్సు, వీలైతే మామిడికాయ తొక్కు చిన్న సీసాలో పంపించు. పెద్దబాపుకు, పెద్దమ్మకు నా దండాలు. బాపును ఎండలో బస్తాలు మోయొద్దని నా మాటగా చెప్పు, వినడు, అయినా చెప్పు.

నిన్న భాయ్ పిలిచి, సోమవారం నుంచి మళ్లీ క్లే పట్టుకోమన్నాడు. బండి తెల్లదా అని ఆశగా అడిగాను. “నల్లదే” అన్నాడు. రేపు మధ్యాహ్నం పని మొదలుపెడతాను. ఆ వేళకు అమ్మను, బాపును ఒకసారి నన్ను తలుచుకుని దీవించమను.

నీ తమ్ముడు,
నరేష్