ముప్పై ఐదు లోపల

జుగ్సలాయి, జంషెడ్‌పూర్
12 నవంబరు 2024

బావగారు నారాయణమూర్తి గారికి బంగారురాజు నమస్కరించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమమా అని అడిగే మొహం నాకు లేదు.

అసలు ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను బావా. గమ్హరియా ఏమంత దూరం? ఆటో ఎక్కితే వచ్చేయొచ్చు. కానీ ఎదురుగా కూర్చుంటే కబుర్లలో పడి అసలు సంగతి దాటేస్తాను. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తకపోవడమే న్యాయం.

గౌరీ అప్ప పోయిన పదో రోజున రీనా వింటుండగా నేనేమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. "ఆ వయసులో మళ్లీ రకతం పోతంటే మొగుడన్నోడికి తెలీదేటి? ఎనిమిది నెల్లు ఏటి సేసినావు?" అన్నాను. నువ్వు విస్తరి ముందు నుంచి లేచిపోయావు. ఆ రోజు నుంచి నీ కూతురు నీతో మాట్లాడడం లేదు. టెల్కో కాలనీలో తన ఇంటికి నేను వెళ్తే కాఫీ ఇస్తుంది. నీ పేరెత్తితే "రహ్‌నే దో మావయ్యా" అని ఆ మాట వదిలెయ్యమంటుంది. ఏడాదిగా ఆ కాఫీ సగం గ్లాసులోనే వదిలి వస్తున్నాను.

అప్ప ఆ సంగతి మొదట చెప్పింది నాకు. "ఏట్రా తమ్ముడూ, ముట్టుడిగి పన్నెండేళ్లయింది, మళ్లీ మరక కనిపిత్తంది. డాక్టరమ్మ రకతం తీయించింది, సూసి సెప్పు. మీ బావకి సెప్పకు, కంగారు పడతాడు" అంది. మనవాళ్లందరి రిపోర్టులూ చదివేది నేనే కదా. పదో తరగతి తప్పినవాడికి అదే డాక్టరేట్.

సీఏ 125 అని ఒక పరీక్ష. పక్కన ఇరవై ఒకటి అని ఉంది. హద్దు ముప్పై ఐదు. ఇంకేం, లోపలే ఉంది. ఫౌండ్రీ ల్యాబులో ముప్పై ఏళ్లు పెట్టినట్టే ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టి "మాల్ పాస్" అన్నాను. అప్ప నవ్వింది. "నానేటి ఇనప ముద్దనేట్రా" అంది. కాకరకాయ వేపుడు డబ్బా నా బల్ల మీద పెట్టి వెళ్లింది.

నా తప్పు ఆ టిక్కులోనే ఉంది బావా. ఫర్నేసులో లోహం అంతా కలిసి మరుగుతుంది, గరిటెడు తీసి చూస్తే మొత్తం సంగతి తెలుస్తుంది. ఒంట్లో రక్తం అలాంటిది కాదట. గర్భసంచి లోపలి పొరలో పుట్టే క్యాన్సర్ తొలి రోజుల్లో చాలామందికి ఆ అంకె హద్దు దాటనే దాటదట. సాక్చీ ఫుట్‌పాత్ మీద కొన్న లావు డాక్టరీ పుస్తకం ఉంది చూడు, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇప్పుడు ఆ అధ్యాయం చదివాను. ఒక్కో కణం గోడకీ తలుపు గంటల్లాంటివి ఉంటాయట. గ్రోత్ ఫ్యాక్టర్ అనే పదార్థం వచ్చి గంట నొక్కుతుంది. లోపల ఒకరి నుంచి ఒకరికి కబురు వెళ్లి, కణం రెండవుతుంది. పనయ్యాక గంట ఆగాలి. ఈ జబ్బులో ఆపే మీట చెడిపోతుంది. ఎవరూ నొక్కకపోయినా గంట మోగుతూనే ఉంటుంది.

మా ఫౌండ్రీ సైరన్ ఒకసారి అలాగే ఇరుక్కుంది. మధ్యాహ్నం పన్నెండింటికి మూడు షిఫ్టులవాళ్లూ టిఫిన్ డబ్బాలతో గేటు దగ్గరికి వచ్చేశారు. సునీల్ ఫోర్‌మన్ "అరే, మై బులాయా క్యా?" అని, తనెవర్నీ పిలవలేదని నెత్తి కొట్టుకున్నాడు. ఆ రోజంతా నవ్వుకున్నాం. అప్ప ఒంట్లో ఆ సైరన్ ఎనిమిది నెలలు మోగింది. చివరికి ఆసుపత్రిలో చేర్చేసరికి ఊపిరితిత్తుల దాకా పాకింది.

చూశావా, మళ్లీ కబుర్లలో పడ్డాను.

డాక్టరమ్మ ఆ ఒక్క రక్తపరీక్షే రాసింది. ఇంకేమైనా రాసి ఉంటే నేను మాత్రం వద్దంటానా? ఏదేమైనా నీ తప్పు లేదు. నీ దగ్గర దాచింది మేమిద్దరం. ఈ ఉత్తరం రీనాకి చూపించు. అది నన్ను తిడితే తిట్టనీ. నీ ఇంటికి వచ్చి ఒక పూట వండి పెడితే చాలు.

నీ క్షమాపణ అడగను. అడిగితే ఇచ్చేస్తావు, నీ గుణం అది.

ఇట్లు,
నీ బావమరిది
బంగారురాజు

తా.క. డాక్టరమ్మ ఇంకేమీ రాయలేదని పైన రాశాను. అది అబద్ధం. ఇంత రాసి కూడా అక్కడ తప్పించుకోబోయాను. రిపోర్టుతో పాటు రెండో చీటీ ఉంది. లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షకి పంపాలి, బయాప్సీ, అని రాసి కింద రెండు గీతలు గీసింది. "ఇదేట్రా, ఇది కూడా సేయించుకోవాలా?" అని అప్ప అడిగింది. "రకతం పాసయ్యాక ముక్కెందుకప్పా" అన్నాను. చీటీ తీసి, అప్పట్లో చదువుతున్న ఆ డాక్టరీ పుస్తకంలోనే గుర్తుకి పెట్టుకున్నాను. అప్పుడు నేను కాలేయం అధ్యాయం దగ్గరున్నాను. మొన్న తెరిస్తే చీటీ ఇంకా కాలేయం దగ్గరే ఉంది. ఈ కవరులో పెట్టాను. రీనాకి ముందు అదే చూపించు.

ఈ ఉదయం పై వాటా పోలమ్మ తన రిపోర్టు తెచ్చింది. కళ్లజోడు కనబడలేదన్నాను. "మెళ్లోనే ఉంది కదేటి బాబూ" అంది. అయినా చదవనన్నాను. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది.