ఆదివారం ఉబ్బని కడుపు

పొద్దున మబ్బు కమ్మింది గాని చినుకు రాలలేదు. నిన్ను లేపకుండానే ఈ చీటి రాసిపెట్టి రాయదుర్గం గేటు డ్యూటీకి పోతున్న, భూమవ్వా.

ఆముదం వేడిచేసి గిన్నెల పెట్టిన. నువ్వు లేచేసరికి గోరువెచ్చగ ఉంటది. ఏమీ తినకముందే వెల్లకిల పండుకొని, బొడ్డు చుట్టూ కుడి నుంచి పైకి, ఎడమకు, కిందికి మెల్లగ రాయి. గట్టిగ ఒత్తకు. నొప్పి లేస్తే ఆపి దవాఖానకు పో.

ఒట్టి గ్యాసే అంటవు. నేను నమ్మను. ఆదివారం ఉబ్బని కడుపు, ఆఫీసుల ఊడ్వ పోయిన రోజే ఎందుకు ఉబ్బుతది? నిన్న నీకు చెప్పకుండ నీ ఆఫీసుకు వచ్చి చూసిన. సూపర్‌వైజర్ పిలుస్తడని మెట్ల కింద నిలబడి, అన్నం నమలకుండ మింగుతున్నవు. మొగున్ని, పని మానిపిస్తనని నాకు దాచినవు గద. నేను మానిపియ్యను.

ఇంకొకటి. మధ్యాహ్నం గేటు కాడ ఇంకొకరిని నిలబెట్టి, నా టిఫిన్ డబ్బా పట్టుకొని ఆ మెట్ల కిందికే వస్త. ఇద్దరం కూసోని తిందాం. నువ్వు నమిలేది చూస్త.