సంచి అడుగున ఖాకీ కోటు

జులై 4
ఐటీఐలో చేరాను. ఎలక్ట్రీషియన్ ట్రేడు. క్లాసులో అమ్మాయిని నేనొక్కదాన్నే. పదిలో అన్న కంటే నాకే మార్కులెక్కువ. అయినా అన్నకు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్, నాకు ఇది.
"ఎవలన్న అడిగితే ఇంటర్ అని చెప్పు" — నాన్న.

జులై 19
ఐటీఐలో వేసుకునే ఖాకీ కోటు సంచి అడుగున. పైన ఇంటర్ పుస్తకం, పాతది. పక్కింటి స్వప్న నిజంగానే ఇంటర్. నేనూ అదే చదువుతున్నాననుకుంటోంది... వేరే కాలేజీలో.

ఆగస్టు 23
మోటారుకు రాగితీగ చుట్టాను. మా ఇన్‌స్ట్రక్టర్ దేవదానం సార్ స్విచ్ వేశారు. తిరిగింది!
"నీ చేతిల పని ఉన్నది బిడ్డా."
సంతోషమేసింది. అంతలోనే సిగ్గేసింది, దీనికా సంతోషమని.

సెప్టెంబర్ 9
బస్టాండులో స్వప్నతో ఉన్నాను. సార్ ఎదురొచ్చి, "మంచిగున్నవా బిడ్డా?" అన్నారు. తలూపాను.
"ఎవలే గాయన?" — స్వప్న.
"మా ఇంట్ల ఫ్యాన్లు బాగు చేస్తడు."
నోటికి అదే వచ్చింది. సార్ ఇంకా రెండడుగులు కూడా దాటలేదు.

సెప్టెంబర్ 10
ప్రాక్టికల్. అందరికంటే ఎక్కువ మార్కులు నాకే వేశారు. తిట్టినా బాగుండేది.

డిసెంబర్ 11
బంద్. డిగ్రీ కాలేజీ వాళ్లు వచ్చి మమ్మల్నీ ఊరేగింపుకు తీసుకెళ్లారు. జై తెలంగాణ అని గొంతు పోయేదాకా అరిచాను. అది మాత్రం అబద్ధం కాదు. తర్వాత మైకులో ఒకతను — "మన పిల్లలు ఎన్నొద్దులు గీ స్క్రూడ్రైవర్లు పట్టుకొని తిరగాలె? ఇంజినీర్లు కావద్దా?"
చప్పట్లు. ఖాకీ కోట్లలో నిలబడి, అందరికంటే గట్టిగా మేమే కొట్టాం.

మార్చి 2
ఇందులో రాసి ఏడాది దాటింది. ఐటీఐలో రెండో ఏడాదీ అయిపోవచ్చింది. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో అప్రెంటిస్ ఇంటర్వ్యూ. నాన్న రానన్నాడు. సార్ తీసుకెళ్లారు.
ఈ ట్రేడు ఎందుకు ఎంచుకున్నావని ఆఫీసరు అడిగాడు.
"వేరేది చదివియ్యలే సార్."
ఆయన నవ్వాడు. మా సార్ నవ్వలేదు.
తిరుగు బస్సు. నర్సాపూర్ అడవి దాటింది. చివరికి నేనే — "సార్, గారోజు బస్టాండ్ల గట్ల అన్నందుకు..."
"ఇడిసిపెట్టు బిడ్డా. మా చిన్నోడు కాలేజీ ఫారంల, తండ్రి ఏం చేస్తడన్నకాడ, లెక్చరర్ అని రాసిండు." కిటికీ వైపు తిరిగారు. "కింద సంతకం నేనే పెట్టిన."

మార్చి 20
ఫ్యాక్టరీ నుంచి ఏమీ రాలేదు.

ఏప్రిల్ 6
ఉత్తరం వచ్చింది. తీసుకున్నారు! సోమవారం చేరాలి. ఇంట్లో చెప్పకముందే, మొదట సార్‌కు చూపిద్దామని చర్చి వెనక వాళ్లింటికి పరిగెత్తాను. అరుగు మీద సార్ చిన్నోడు, వాడి కాలేజీ మిత్రులు నలుగురు.
"ఎవలు కావాలె?" — చిన్నోడు.
సార్ స్టూడెంట్‌ను అనబోయాను. ఏ కాలేజీ అని ఆ మిత్రులు అడిగితే...? కిటికీలో సార్. నన్ను చూశారు. చేతిలో కాగితాన్నీ చూశారు.
"ఏం లేదు. మల్ల వస్త."
గేటు దాకా మెల్లగా నడిచాను. గేటు వేశాక కూడా కాసేపు నిలబడ్డాను.
సార్ పిలవలేదు.
ఉత్తరం ఇంకా ఎవరికీ చూపించలేదు.