తారు కింద మూడు గాట్లు

బాపూ,

నువ్వూ నీ పడవా గోదావరి వరదలో పోయి నేటికి ఇరవయ్యేళ్లు. మొన్న తమ్ముడు దిగువ రేవులో పాత పడవొకటి కొన్నాడు. ఈ పొద్దు పాత పడవలకు నంబర్లు వేయడానికి ఆఫీసరు మన నవీపేట్ రేవుకు వచ్చాడు.

"పాత గుర్తేమన్న ఉన్నదా? తారు గీకి సూపియ్యి" అన్నాడు.

తమ్ముడు గీకితే లోపలి చెక్క మీద మూడు ఉలిగాట్లు బయటపడ్డాయి. బిడ్డ పుట్టినప్పుడల్లా నువ్వు పెట్టినవే. వంకరగా ఉన్న మూడోది తమ్ముడిది. అది పెట్టిన నెలకే నువ్వు పోయావు.

"ఇవేంది అక్కా, నీకెరుకేనా?"

"నాకేం ఎరుకరా" అన్నాను. ఇది నీ పడవ అని చెబితే వాడు దీన్ని జన్మలో వదలడు.

నంబరు పడింది. రేపు వాడు అందులోనే చేపలకు పోతాడు.

నిన్ను ఒడ్డుకు చేర్చని పడవ, బాపూ.